చిటుకు అని రాసి ఉంటే

నాలుగేళ్ళ కిందట గొర్రెల కాపరుల కోసం ఒక కరపత్రం రాశాను. ఒక సంస్థవాళ్ళు ఇంగ్లీషులో నాలుగు పేజీల సమాచారం ఇచ్చి, తెలుగులో ఒక్క పేజీకి కుదించమన్నారు. కుదించాను. రంగుల్లో అందంగా అచ్చయింది. పైన పెద్ద అక్షరాలతో 'ఎంటరోటాక్సీమియా టీకా తప్పక వేయించండి' అని ఉంది. వేసవి చివర్లో ఊళ్ళలో పంచడానికి వెళ్తుంటే నేనూ ఒక రోజు వాళ్ళతో వెళ్ళాను.

ఒక ఊరి బయట తుమ్మచెట్టు నీడన ఒక పెద్దాయన మందను ఆపుకుని కూర్చున్నాడు. కరపత్రం ఇస్తే మనవడి చేత చదివించుకున్నాడు. ఆ పిల్లాడు 'ఎంటరో' దగ్గర రెండుసార్లు ఆగాడు. పెద్దాయన చివరిదాకా విని, "మా మందకి ఈ రోగం ఎప్పుడూ రాలేదమ్మా" అన్నాడు. కాగితం మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. నేను సరేనని వచ్చేశాను.

తొలకరి పడ్డాక మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆయన మందలో 11 పిల్లలు పోయాయి. రాత్రి దొడ్డిలో బాగానే ఉన్నవి తెల్లారేసరికి కాళ్ళు చాపేశాయట. "బక్కవి కాదమ్మా, బాగా మేసి బలిసినవే పోయినై. చిటుకు. మాకు తెలిసిందేగా, వానలు పడగానే వస్తానే ఉంటది" అన్నాడు.

ఎంటరోటాక్సీమియాకి తెలుగులో ఉన్న పేరే చిటుకు రోగం. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నా మొదటి చిత్తుప్రతిలో ఆ మాట ఉంది కూడా. అచ్చులో మరీ మోటుగా ఉంటుందేమోనని నేనే కొట్టేశాను. ఆ 11 పిల్లల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ కొట్టేసిన మాటే కళ్ళ ముందు కనపడుతుంది. టీకా గురించి ఆయనకి చెప్పలేదని కాదు. ఆయనకి బాగా తెలిసిన శత్రువు గురించే చెబుతున్నానని ఆయనకి తెలియకుండా చేశాను.

అప్పటినుంచి పశువుల రోగాల పేర్ల వెంట పడ్డాను. కనపడిన ప్రతి కాపరినీ, పాడి రైతునీ, పశువుల డాక్టరునీ అడుగుతూ వచ్చాను. మనం మోటు అనుకుని పక్కన పెట్టిన ఈ పాత పేర్లు దగ్గరుండి చూసినవాళ్ళు పెట్టినవి. ఒక్కొక్క పేరులో ఒక లక్షణమో, ఒక శబ్దమో, శరీరంలో ఒక చోటో ఉంటుంది. వాటిని తీసేసి ఇంగ్లీషు పేరో, దాని పొడి అక్షరాలో పెడితే రైతు చేతిలో ఉన్న పరీక్ష సాధనాన్ని లాగేసుకున్నట్టే.

చిటుకునే చూడండి. ఎండుపుల్ల విరిగినప్పుడు వచ్చే చిన్న చప్పుడు చిటుకు. చిటుక్కున అంటే ఆ చప్పుడు పట్టేంతసేపట్లో. ఈ రోగం తెచ్చే బ్యాక్టీరియా గొర్రె పేగుల్లో మామూలు రోజుల్లో కూడా కొద్దికొద్దిగా ఉంటుంది. వానలకి మొలిచిన లేత పచ్చికను పిల్లలు ఆబగా మేసినప్పుడు అది ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిసి మెదడు దాకా పోతుంది. జబ్బు చేసిందని మనం గుర్తుపట్టేలోపే ప్రాణం పోతుంది. అందుకే బలిసిన పిల్లలే పోతాయి, అందుకే తొలకరికి ముందే టీకా వేయించాలి. వచ్చాక చేయగలిగింది ఏమీ లేదన్న సంగతి ఆ మూడక్షరాల్లోనే ఉంది.

ఎంటరోటాక్సీమియా మాత్రం ఏం చెబుతుంది? గ్రీకులో ఎంటెరాన్ అంటే పేగు, హైమా అంటే రక్తం. నడుమ ఉన్న టాక్సికాన్ బాణాలకి పూసే విషం. విల్లుని వాళ్ళు టాక్సాన్ అనేవాళ్ళు. పేగులోని విషం రక్తంలోకి చేరడం అన్నమాట. చక్కని పేరే, గ్రీకు తెలిస్తే. ఇంగ్లీషు కాపరులకీ గ్రీకు రాదు కాబట్టి వాళ్ళు దీన్ని 'మెత్తబడ్డ మూత్రపిండం' అనే అర్థం వచ్చే మాటతో పిలుచుకున్నారు. 'అతిగా తిన్న జబ్బు' అనీ అన్నారు. అక్కడి పశువైద్య పుస్తకాలు ఆ రైతు పేర్లని ఏమాత్రం మొహమాటం లేకుండా అచ్చు వేస్తాయి. మనకే ఎక్కడ లేని బెరుకు.

జబ్బవాపు సంగతి నాకు చేతితో తెలుసు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడాది దాటిన కోడెదూడ ఒకటి ఉండేది. మంచి పుష్టిగా ఉండేది. ఒక పొద్దున్నే కుంటుతూ కనపడింది, మేత ముట్టలేదు. నాన్న దాని ముందుకాలి జబ్బ తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టి నొక్కించాడు. చర్మం కింద ఎండుటాకులు నలిగినట్టు కరకరలాడింది. వేడిగా ఉన్న ఆ వాపు మధ్యాహ్నానికి చల్లబడింది. నొక్కితే దూడ నొప్పని కూడా కదలడం లేదు. "జబ్బవాపేరా, ఇక లాభం లేదు" అన్నాడు నాన్న మా బాబాయితో. మర్నాటికి దూడ లేదు. కండలో చేరిన బ్యాక్టీరియా అక్కడి కణజాలాన్ని చంపి గ్యాసు పుట్టిస్తుందని, ఆ కరకర ఆ గ్యాసుదేనని, చల్లబడటం అంటే ఆ భాగం చచ్చిపోయిందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నాన్న ఏ పుస్తకమూ చదవలేదు. ఆయన చేసిన పరీక్ష, పుస్తకంలో రాసిన పరీక్ష రెండూ ఒకటే.

దీన్ని ఇంగ్లీషులో బ్లాక్ క్వార్టర్ అంటారు, డాక్టర్లు బి.క్యూ. అంటారు. నలుపు ఎందుకంటే, చచ్చిన పశువుని కోసి చూస్తే ఆ కండ నల్లగా ఉంటుంది. అంటే ఆ పేరు కోసి చూసినవాళ్ళది. మన పేరు పశువు ఇంకా ఊపిరితో ఉండగా తడిమి చూసినవాళ్ళది. రైతుకి ఏది పనికొస్తుందో వేరే చెప్పాలా? ఆరు నెలలు దాటి రెండేళ్ళ లోపున్న, ఏపుగా ఎదిగిన దూడ వానాకాలంలో కుంటితే జబ్బ తడమాలి, తొడ తడమాలి. పేరు వినగానే చెయ్యి అక్కడికి పోతుంది.

గొంతువాపు కూడా ఇంతే. గేదెలకి మరీ ప్రమాదం. గొంతు కింద వాచి, ఊపిరి ఆడక గురకలాంటి శబ్దం వస్తుంది. అందుకే దానికి గురక వ్యాధి అని ఇంకో పేరు. ఒక పేరు కంటికి, ఒకటి చెవికి. పొడి అక్షరాల్లో హెచ్.ఎస్. అంటే రెండిటికీ ఏమీ లేదు.

గాలికుంటు దగ్గర మాత్రం నాకూ, నాకు బాగా దగ్గరైన ఒక పశువైద్యురాలికీ వాదన జరిగింది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా పల్లెల్లోనే పనిచేస్తున్నారు, ఆవిడ మాటంటే నాకు గౌరవం. "గాలి అంటే మనవాళ్ళు ఏమనుకుంటారో మీకు తెలీదా? గాలి సోకింది, దిష్టి తగిలింది అంటారు. తాయెత్తు కడతారు. అందుకే నేను ఎఫ్.ఎం.డి. అనే చెప్తాను" అన్నారు.

ఆవిడ మాటలో నిజం ఉంది. పేరు పెట్టిన రోజుల్లో గాలి అంటే సోకే గాలే అయి ఉండొచ్చు. కానీ ఆ పేరు వెనక ఒక అనుభవం ఉందని నేననుకుంటాను. కొత్త పశువు ఊళ్ళోకి రాకుండానే, ఎవరి గొడ్డునీ తాకకుండానే రోగం వచ్చిపడటం వాళ్ళు చూశారు. ఈ రోగానికి కారణం బ్యాక్టీరియా కన్నా చిన్నదని 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ తేల్చారు. పశువుల్లో రోగం తెచ్చే వైరస్ అని ఒకదాన్ని గుర్తించడం అదే మొదలు. 1981లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి సముద్రం మీదుగా ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వైట్ దీవికి ఈ వైరస్ గాలిలోనే వచ్చి చేరిందని శాస్త్రవేత్తలు గాలివాటం లెక్కగట్టి మరీ చెప్పారు. ఇక కుంటు అంటారా, గిట్టల మధ్య పుండ్లు పడి పశువు కుంటడం పసిపిల్లాడికీ కనపడుతుంది. నేనైతే గాలికుంటు అనే రాస్తాను, రాసి కిందే ఒక్క వాక్యం కలుపుతాను: గాలితో పాటు చొంగ, మేత, నీళ్ళతొట్టి, పాలు పితికే చేతుల వల్ల కూడా అంటుకుంటుంది, తాయెత్తుతో పోదు, టీకాతో ఆగుతుంది. పేరు మార్చనక్కర్లేదు, ఆ పేరుకి ఒక వాక్యం చాలు.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ఒకే పేరు నాలుగు రోగాలకి వాడతారని. దొమ్మ అంటే ఆంత్రాక్స్, కానీ కొన్ని చోట్ల గొడ్డు ఉన్నట్టుండి పడిపోతే చాలు దొమ్మ అనేస్తారు. ఇది నిజమే, ఒప్పుకోవాల్సిందే. పాత ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. పశువుల మీద పడే ఏ మహమ్మారినైనా మరెన్ అనేవాళ్ళు, లాటిన్‌లో చావుకి ఉన్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. ఆంత్రాక్స్ అన్న మాటకైతే గ్రీకులో అర్థం బొగ్గు. మనుషులకి సోకినప్పుడు చర్మం మీద పడే నల్లటి పుండు చూసి పెట్టిన పేరు. చూసి పెట్టిన పేరే అదీను. రాబర్ట్ కోచ్ 1876లో ఆ బ్యాక్టీరియా జీవితచక్రం మొత్తం వివరించాక కూడా బొగ్గు అన్న మాటని ఎవరూ తీసెయ్యలేదు. అర్థం బిగించారు, మాట ఉంచారు. దొమ్మ విషయంలో మనం చేయాల్సింది అదే. దొమ్మ అనుమానం ఉన్న కళేబరాన్ని కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు, లోతుగా పూడ్చాలి, ఎందుకంటే దాని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. ఈ నాలుగు ముక్కలూ దొమ్మ అన్న మాటతో కలిపి చెబితే ఆ భయం పనికొచ్చే భయం అవుతుంది. ఆంత్రాక్స్ అంటే భయపడటానికి ముందు అదేంటో అడగాలి.

శాస్త్రం పేర్లు కచ్చితమైనవి, ఊరి పేర్లు గాలివాటం అన్న నమ్మకం కూడా నాకు మెల్లగా పోయింది. పాలజ్వరం అని ఇప్పుడు తెలుగులో రాస్తున్నాం. ఇంగ్లీషు మాటకి అనువాదం. ఆ రోగంలో జ్వరమే ఉండదు. ఈనిన ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడిపోతుంది, చెవులు చల్లబడతాయి, ఒంటి వేడి మామూలుకన్నా తగ్గుతుంది. జ్వరమేమో అని రైతు ఒళ్ళు పట్టి చూసి, చల్లగా ఉందిలే అని ఊరుకునే ప్రమాదం ఆ పేరులోనే ఉంది. నీలినాలుక కూడా అనువాదమే. దక్షిణాఫ్రికాలో పుట్టిన పేరు. ఆ రోగం వచ్చిన గొర్రెల్లో చాలావాటికి నాలుక నీలంగా మారదు.

ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు పెట్టిన రోగాలైతే మరీ. కోళ్ళకి వచ్చేదాన్ని రాణీఖేత్ అంటాం, హిమాలయాల్లో ఆ ఊళ్ళో గుర్తించారు కాబట్టి. అదే రోగం ఇంగ్లండ్‌లో 1926లో న్యూకాజిల్ దగ్గర కనపడితే ప్రపంచమంతా న్యూకాజిల్ అంది. కోడి పెంచుకునే ఆమెకి ఈ రెండు ఊళ్ళతో పనేముంది? మనవాళ్ళు కొక్కెర తెగులు అన్నారు. కొక్కెర అంటే కొంగ. మెడ సాచి, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకునే కోడిని, మెడ మెలితిరిగిపోయిన కోడిని చూసినవాళ్ళకి ఆ మాట వింటే చాలు. బ్రూసెల్లోసిస్‌లో ఉన్నది డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడి పేరు, 1887లో మాల్టాలో ఆ క్రిమిని కనిపెట్టాడు. గొప్ప పనే. కానీ చూడి పశువు నెలలు నిండకుండా ఈసుకుపోతే మనవాళ్ళు ఈసుడు రోగం అన్నారు. ఈ రోగం మనుషులకీ అంటుకుంటుంది, ఈసుకుపోయిన పిండాన్ని, మాయని ఉత్త చేతులతో ఎత్తినప్పుడే ఎక్కువ ప్రమాదం. ఆ హెచ్చరిక ఏ పేరుకి అతుకుతుంది? 2019లో కేంద్రం గాలికుంటుకీ దీనికీ కలిపి 5 ఏళ్ళకి 13,343 కోట్ల రూపాయలతో టీకాల కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ఈసుడు రోగం టీకాని నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకి వేస్తారు. ఇంత డబ్బు పెట్టి ఇంటింటికీ వచ్చినవాళ్ళు "బ్రూసెల్లా సూది" అంటే, ఒంట్లో ఏ జబ్బూ లేని పెయ్యకి ఇదెందుకని రైతు అడగడా?

ఊరి మాటని శాస్త్రం నెత్తిన పెట్టుకున్న సందర్భమూ ఉంది. గుర్రాల్ని, ఒంటెల్ని చంపే సర్రా అనే రోగానికి 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో కారణం కనిపెట్టాడు. సర్రా అన్నది అప్పటి మన దేశపు జనం మాట. ఈనాటికీ ప్రపంచంలో ఏ మూల పశువైద్య కళాశాలలో చదివినా ఆ రోగం పేరు సర్రానే.

తెలుగైతే చాలు, మంచిది అని నేననడం లేదు. లంపీ స్కిన్‌ని ముద్దచర్మ వ్యాధి అంటే ఎవరికి అర్థమైంది? 2022లో అది దేశమంతా పాకినప్పుడు ఊళ్ళో జనం ఒంటినిండా గడ్డల రోగం అన్నారు, సరిపోయింది. ఈమధ్య ఒక శిక్షణ పుస్తకంలో 'పాల విడుదల ప్రక్రియ' అని చూసి బాధేసింది. దానికి చేపు అనే మాట ఉంది. నాకు తెలిసిన పశువుల మాటలన్నిటిలో ఇంత ముద్దొచ్చే మాట ఇంకోటి లేదు.

పొద్దున్నే దూడని వదులుతారు. అది పరిగెత్తుకొచ్చి పొదుగుని మూతితో కుమ్ముతుంది, ఒక చన్ను వదిలి ఇంకోటి అందుకుంటుంది. ఆవు వెనక్కి తిరిగి దూడని నాకుతుంది. కాసేపటికి వదులుగా వేలాడే చన్నులు నిండి బిగుస్తాయి, దూడ మూతి పక్కల నురగ కడుతుంది. "చేపింది, లాగెయ్" అంటుంది అమ్మ. దూడని పక్కకి లాగి తల్లి ముందే కట్టి, చెంబు పట్టుకుని కూర్చుంటుంది. ఆవు చేపడం మానేస్తే ఎంత బలంగా పితికినా చుక్క రాదు. కొత్త మనిషి వచ్చినా, కుక్క అరిచినా ఎగ్గడుతుంది. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. దూడ తాకిడికి మెదడు నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వచ్చి పాలు దిగుతాయని, భయపడితే అడ్రినలిన్ దాన్ని అడ్డుకుంటుందని. మా అమ్మ పాలు పితికేటప్పుడు మమ్మల్ని గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. చేపు అన్న క్రియకి కర్త ఆవే. మనం తీసుకునేది కాదు, అది ఇచ్చేది. 'పాల విడుదల ప్రక్రియ'లో ఆవు ఎక్కడుంది?

కొందరు పశువైద్యులు మంచి పని చేశారు కూడా. గేదెలు ఎండాకాలంలో ఎదకొచ్చినా అరవవు, బయటికి తెలియదు. దానికి వాళ్ళు 'మూగ ఎద' అన్నారు. వినగానే తెలిసిపోయింది, ఊళ్ళోవాళ్ళు వెంటనే అందుకున్నారు. చూడి నిలవక పశువు మళ్ళీ మళ్ళీ ఎదకి రావడాన్ని 'తిరిగి పొర్లడం' అన్నారు, అదీ అలాంటిదే. ఎద, చూడి, ఈనడం, మాయ, ముర్రుపాలు, వట్టిపోవడం అన్న మాటలు ఇంకా బతికే ఉన్నాయి కాబట్టి వాటి పక్కన కొత్త మాట ఇమిడింది. బండలాగుడు పోటీల కరపత్రాలు చూడండి, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని ఉంటుంది. సుమారు రెండేళ్ళు దాటాక పాలపళ్ళు ఊడి మొదటి జత వస్తుంది, ఆ తర్వాత జత తర్వాత జత. పుట్టిన తేదీ రాసిపెట్టని పశువుకి దాని నోరే పుట్టిన తేదీ కాగితం. ఆ కరపత్రం రాసినవాళ్ళకి నాకున్న బెరుకు లేదు.

గొడ్ల డాక్టర్ అంటే చిన్నతనం అని ఇప్పుడు కొందరు అనుకుంటారు. ఉత్తరాంధ్ర ఊళ్ళలో పశువుల్ని ఇప్పటికీ సొమ్ములు అంటారు. డబ్బుకీ పశువుకీ అక్కడ ఒకటే మాట. లాటిన్‌లో పెకూ అంటే మంద, దాన్నుంచే పెకూనియా అంటే డబ్బు, ఆ పెకూకీ సంస్కృతంలోని పశువుకీ మూలం ఒకటే. ఇంటి సొమ్ముకి వైద్యం చేసేవాణ్ణి అలా పిలిస్తే అందులో చిన్నతనం ఏముంది?

ఒక్క చోట మాత్రం నేను తగ్గాను. గొర్రెలకి మశూచి వచ్చినా, ఆవులకి గడ్డల రోగం వచ్చినా అమ్మవారు పోసింది అంటారు. వేపమండ కట్టి, డాక్టర్ని పిలవకుండా రోజులు గడిపేస్తారు. ఆ భక్తిని నేను తక్కువ చెయ్యను, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ పేరు శరీరాన్ని చూసి పెట్టింది కాదు, ఆకాశంకేసి చూసి పెట్టింది. దాన్ని శీర్షికగా రాయను. లోపల, "అమ్మవారు అనుకుని ఆలస్యం చెయ్యొద్దు" అని రాస్తాను.

ఒక్కో జిల్లాకి ఒక్కో పేరుంటే ఏది రాయాలి అంటారా? అన్నీ రాయాలి. వ్యవసాయ పదాల కోసం భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి సేకరించి మాండలిక వృత్తిపదకోశం 1962లోనే అచ్చు వేశారు. ఆ రోజుల్లో జేబులో ఫోన్లు లేవు, రికార్డర్లు తేలిగ్గా దొరకవు. ఈ రోజు ప్రతి పశువుల ఆసుపత్రిలో ఒక నోటుపుస్తకం పెట్టి, రైతు వచ్చి రోగాన్ని ఏ మాటతో చెప్పాడో ఆ మాట అలాగే రాసుకుంటే ఏడాదిలో జిల్లా మొత్తం పేర్లు వస్తాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టరుకి మొదటి వారం ఇవ్వాల్సిన కాగితం అదేనని నా పట్టుదల.

పోయిన వేసవిలో కరపత్రం మళ్ళీ రాశాను. ఈసారి పైన చిటుకు అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఎంటరోటాక్సీమియా. అచ్చుకి పంపేముందు ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్ళాను. మనవడు ఎక్కడా ఆగకుండా చదివాడు. చిటుకు దగ్గర పెద్దాయన తలాడించాడు. రెండో రోగం పి.పి.ఆర్. దానికి పారుడు రోగం అని రాశాను. అక్కడ చెయ్యెత్తి ఆపాడు.

"ముక్కు పారుడా, కడుపు పారుడా?"

"రెండూ ఉంటాయి తాతా. ముందు ముక్కు కారుతుంది, తర్వాత కడుపు."

"మరి రెండూ రాయమ్మా. ముక్కు దగ్గరే పట్టుకుంటే కడుపు దాకా పోనివ్వం."

కలం తీసి అక్కడే దిద్దాను.